శిలాజ సర్పాల వెన్నుపూసలు – 3వ పాఠం: పూస ఎక్కడిదో తేల్చడం, మాటల్లో పెట్టడం

మొదటి రెండు పాఠాల్లో పూసకు పట్టిన మట్టి వదిలించడం, ఐదు వైపుల నుంచి స్కేలు పెట్టి ఫొటోలు తీయడం నేర్చుకున్నాం. ఈ పాఠంతో వర్ణన మొదలవుతుంది. మన నమూనా ఎప్పటిలాగే వాసుకి ఇండికస్ అనే శిలాజ సర్పం. గుజరాత్ కచ్ జిల్లాలోని పానంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన 27 పూసలతో ఐఐటీ రూర్కీ పరిశోధకులు దేబజిత్ దత్తా, సునీల్ బాజ్‌పాయ్ 2024 ఏప్రిల్‌లో ఈ ప్రజాతిని, జాతిని స్థాపించారు. దాని వయసు సుమారు 4 కోట్ల 70 లక్షల ఏళ్లు. వ్యాసం సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఉచితంగా దొరుకుతుంది. అందులోని బొమ్మల్ని తెరమీద పెద్దవి చేసి పెట్టుకుని ఈ పాఠం చదివితే సగం పని సులువవుతుంది.

పుర్రె లేకుండా పూసలతోనే జాతి పేరు పెట్టడం చాలామందికి వింతగా ఉంటుంది. శిలాజ సర్పాల్లో అదే మామూలు. పాము పుర్రె ఎముకలు పలచన, ఒకదానికొకటి వదులుగా అతుక్కుని ఉంటాయి కాబట్టి చనిపోయాక త్వరగా చెదిరిపోతాయి. పూసలేమో గట్టివి, ఒక్కో పాముకు 200 నుంచి 400 పైచిలుకు ఉంటాయి. మన వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో, దక్కన్ లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిలోంచి వచ్చిన ఇండోఫిస్ సాహ్నీ కూడా పూసల మీదే 1992లో వర్ణించిన జాతి. వాసుకి పూస అరచేతిని నింపితే, నస్కల్ పామువి సూక్ష్మదర్శిని కింద చూడాల్సినంత చిన్నవి. వర్ణించే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

ఈ పాఠమంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: పూస వెన్నులో ఎక్కడిదో తేలేదాకా జాతి మాట ఎత్తకూడదు. ఒకే పాములో మెడ దగ్గరి పూసకూ, నడుము పూసకూ, తోక పూసకూ ఉండే తేడా చాలాసార్లు రెండు జాతుల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉంటుంది.

ముందేది, వెనకేది

పాము పూస ముందువైపు గుంటగా ఉంటుంది, దాన్ని కాటైల్ అంటాం. వెనకవైపు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, అది కాండైల్. గుంట ముందు, గుండు వెనక అని బట్టీపట్టి వదిలేస్తే మరో జంతువు పూస చేతికొచ్చిన రోజు తలకిందులవుతారు. ఒకసారి మటన్ కొట్టుకు వెళ్లి మేక మెడను ముక్కలు కొట్టకుండా అడిగి తెచ్చుకోండి. బాగా ఉడికించి మాంసం వలిచి, ఎముకల్ని డిటర్జెంట్ నీళ్లలో ఓ రాత్రి నాననిచ్చి తోమండి. మెడ మధ్యలోని పూసల్లో గుండు ముందువైపు, గుంట వెనకవైపు ఉంటాయి. పాముకు సరిగ్గా ఎదురు.

అందుకే దిక్కు తేల్చడానికి గుండునూ గుంటనూ కాదు, కీలు పలకల్ని చూడాలి. పూస పైభాగంలో రెక్కల్లా చాచుకున్న నాలుగు పొడుపులుంటాయి. ముందు జత ప్రీజైగపోఫిసిస్, వెనక జత పోస్ట్‌జైగపోఫిసిస్. ముందు జత నున్నటి ముఖాలు పైకి చూస్తాయి, వెనక జతవి కిందికి చూస్తాయి. ప్రతి పూసా తన ముందున్న పూస వెనక జతను కిందనుంచి మోస్తుంది కాబట్టి ఇలా ఉండక తప్పదు. మేకలోనైనా పాములోనైనా ఇది మారదు. కాయం, అంటే పూస అడుగున ఉండే మందపాటి భాగం, విరిగిపోయి దానిమీది కమాను లాంటి పైకప్పు ముక్క ఒక్కటే దొరికినా ఈ పరీక్ష పనిచేస్తుంది.

ఇక అది పామేనా అన్నది చూడాలి. వెన్నుపాము సాగే సొరంగం నాడీ కుల్య. దానికి పైన, ముందువైపు పొడుచుకొచ్చిన పలక జైగోస్ఫీన్. అది ముందు పూస వెనకభాగంలోని జైగాంట్రమ్ అనే గూట్లో ఇముడుతుంది. ఈ అదనపు కీలు వల్లే పాము ఎంత మెలి తిరిగినా పూసలు ఒకదానిమీద ఒకటి తిరిగిపోవు. ఉడుము పూసకూ ముందు గుంట, వెనక గుండే, కానీ ఈ కీలు దానిలో సరిగ్గా ఎదగదు. శిలాజ ఉడుము పూసను పాముదని పొరబడటం ఇక్కడే జరుగుతుంది.

వెన్నులో ఏ చోటిది

ముందుగా పూసను తిరగేసి అడుగు చూడండి. మొండెం ముందుభాగపు పూసలకు కాయం అడుగునుంచి కిందికి దిగే పొడుపు ఉంటుంది, అది హైపపోఫిసిస్. కొండచిలువలోనూ జెర్రిపోతులోనూ అది మొండెం మధ్యకు వచ్చేసరికి తగ్గి, హీమల్ కీల్ అనే గట్టుగా మిగులుతుంది. నాగుపాములోనూ రక్తపింజరలోనూ అలా కాదు, మొండెం చివరిదాకా ఉంటుంది. అంటే హైపపోఫిసిస్ కనిపించగానే ముందుభాగపు పూస అని రాసేయకూడదు. మిగతా లక్షణాలు కూడా అదే చెప్పాలి: నాడీ కంటకం (పైకప్పు నడిమధ్య నిలబడే పొడుపు) ఎత్తుగా ఉండటం, కాయంతో పోలిస్తే నాడీ కుల్య పెద్దగా ఉండటం, మొత్తం పూస ఇరుకుగా ఉండటం.

మధ్య మొండెం పూసలు అన్నిటికంటే వెడల్పైనవి. వెనక మొండేనికి వచ్చేసరికి పైకప్పు అణిగి, కాయం అడుగున కీల్‌కు అటూ ఇటూ ఉండే గాళ్లు లోతవుతాయి. తోక పూసల్లో పక్కటెముక కీలు మాయమై, దాని చోట పూసతో ఏకమైపోయిన పొడుపు పక్కకూ కిందికీ చాచుకుని ఉంటుంది. చాలా పాముల్లో తోక పూస అడుగున హీమపోఫిసిస్ అనే జంట పొడుపులుంటాయి. అవి విరిగితే రెండు చిన్న మచ్చలే మిగులుతాయి. లెన్సుతో చూడకపోతే ఆ మచ్చలు కీల్ అరిగిన గుర్తులుగా కనిపిస్తాయి.

నాడీ కుల్య విషయంలో ఒక జాగ్రత్త. పిల్ల పాముల్లోనూ కాయంతో పోలిస్తే కుల్య పెద్దగానే ఉంటుంది. చిన్న పూస, పెద్ద కుల్య కలిసి కనిపిస్తే ముందుభాగపు పూస కావచ్చు, పిల్లది కావచ్చు. ఆ రెంటినీ విడదీయలేకపోతే రెండూ సాధ్యమేనని రాయండి.

పొడవు లెక్క కూడా ఈ స్థాన నిర్ణయం మీదే నిలబడుతుంది. వాసుకి 10.9 నుంచి 15.2 మీటర్లు ఉండొచ్చని అంచనా వేశారు. కొలంబియా సెరెహోన్ బొగ్గుగనిలో దొరికి 2009లో పేరు పెట్టిన టైటనోబోవా అనే భారీ శిలాజ సర్పానికి సుమారు 13 మీటర్లు. బతికున్న పాముల పూసల కొలతలకూ వాటి ఒంటి పొడవుకూ ఉన్న సంబంధాన్ని శిలాజానికి అన్వయిస్తే వచ్చే సంఖ్యలివి. మధ్య మొండెం పూసను మెడ దగ్గరిదనుకుని లెక్క వేస్తే పాము ఉన్నదానికంటే ఎన్నో మీటర్లు పెరిగిపోతుంది.

కొలతలు

0.02 మి.మీ. వరకు చదవగల వెర్నియర్ చాలు. నస్కల్ తరహా చిన్న పూసలకు కంటికటకంలో గీతలున్న సూక్ష్మదర్శిని వాడాలి. కనీసం ఇవి తీసుకోండి: కాయం పొడవు, ప్రీజైగపోఫిసిస్ కొనల మధ్య వెడల్పు, పోస్ట్‌జైగపోఫిసిస్ కొనల మధ్య వెడల్పు, రెండు జతల మధ్య నడుము సన్నబడిన చోట వెడల్పు, జైగోస్ఫీన్ వెడల్పు, కాటైల్ వెడల్పు, ఎత్తు, నాడీ కుల్య వెడల్పు, ఎత్తు.

ఒక్కోటి మూడుసార్లు కొలవండి. పెద్ద పూసలో మూడు అంకెల మధ్య అర మిల్లీమీటరు తేడా వస్తే తప్పు చేతిది కాదు, ఎక్కడినుంచి ఎక్కడికి కొలవాలో మీరు ఖాయం చేసుకోలేదని అర్థం. కాయం పొడవులో ఇది తరచూ జరుగుతుంది. కొందరు కాండైల్‌ను కలిపి కొలుస్తారు, కొందరు విడిచి. ఏది చేసినా పట్టిక కింద రాయాలి. ఒక పక్క విరిగితే నడిగీత నుంచి మిగిలిన పక్కకు కొలిచి రెండింతలు చేసి, ఆ అంకె పక్కన చుక్క గుర్తు పెట్టండి. నడిగీతకు జైగోస్ఫీన్ మధ్యనూ హీమల్ కీల్‌నూ కలిపే గీతను తీసుకోవాలి.

వాసుకి పూసల పొడవు 37.5 నుంచి 62.7 మి.మీ., వెడల్పు 62.4 నుంచి 111.4 మి.మీ. అని ప్రకటించారు. ఈ అంకెలతో ఎప్పుడూ చేయకూడని పని ఒకటుంది: 62.7ను 111.4తో భాగించి ‘వాసుకి నిష్పత్తి’ అనడం. అత్యధిక పొడవూ అత్యధిక వెడల్పూ ఒకే పూసవి కానక్కర్లేదు. నిష్పత్తి ఎప్పుడూ ఒకే పూస కొలతల నుంచే తీయాలి.

రంధ్రాలు, విరుగుళ్లు

వాసుకి చేరిన మాడ్ట్సోయిడే కుటుంబాన్ని గుర్తించడంలో చిన్న రంధ్రాలకు పెద్ద విలువ ఉంది. జైగాంట్రమ్ పక్కన, పైకప్పు వెనక ముఖం మీద ఉండేవి పారాజైగాంట్రల్ రంధ్రాలు. కాటైల్‌కు అటూ ఇటూ ఉండేవి పారాకాటైలార్ రంధ్రాలు. ఈ కుటుంబంలో రెండూ కనిపిస్తాయి. వీటికి తోడు ప్రీజైగపోఫిసిస్ కీలు పలక దాటి పక్కకు పొడుచుకొచ్చే ముల్లు ఉండదు. నాగుపాములో ఆ ముల్లు స్పష్టంగా ఉంటుంది.

రంధ్రాన్ని వెతకడానికి పక్కనుంచి వాలుగా లైటు వేసి, మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. సూదితో పొడవకండి. పొడిస్తే మీరే కొత్త రంధ్రం చేస్తారు. అసలు రంధ్రం అంచు నున్నగా, లోపలికి వంగి ఉంటుంది. విరిగి ఏర్పడినదాని అంచు పదునుగా, గరుగ్గా ఉంటుంది.

నోటుపుస్తకంలో ప్రతి రంధ్రానికీ మూడింట్లో ఒక మాట రాయాలి: ఉంది, లేదు, తెలియదు. మట్టి పూడితే తెలియదు. ఆ చోటు విరిగితే తెలియదు. ఆ చోట ఎముక పైపొర చెక్కుచెదరకుండా ఉండి రంధ్రం కనపడకపోతేనే లేదు. ప్రీజైగపోఫిసిస్ ముల్లుకూ ఇదే లెక్క. పలక కొన మీద నున్నటి పైపొర కొనసాగితే ముల్లు లేదు. కొన దగ్గర సన్నసన్నటి రంధ్రాలతో స్పంజిలాంటి లోపలి ఎముక బయటపడితే ముల్లు విరిగిపోయి ఉండొచ్చు. ఈ ఒక్క చోట తొందరపడితే పూస తప్పు కుటుంబంలోకి వెళ్లిపోతుంది.

పొరల బరువుకు పూస నలగడం మరో చిక్కు. పైకప్పు అణిగి ఉంటే అది పాము లక్షణమో, నలుగుడో తేల్చాలి. నాడీ కుల్యను ముందునుంచి చూడండి. రెండు పక్కలూ ఒకేలా ఉండి, గోడల్లో పగుళ్లు లేకపోతే రూపం సహజం. ఒక పక్కకు వాలి, గోడ మొదట్లో పగులు ఉంటే ఆ పూస ఎత్తు కొలతలు పోలికకు పనికిరావు.

రాత

క్రమం ఎప్పుడూ ఒకటే ఉండాలి: కాయం, పైకప్పు, పొడుపులు, రంధ్రాలు, విరుగుళ్లు. అభ్యాసం కోసం కల్పించిన పూసతో ఒక నమూనా ఇది. పూసను చూసి ముందు ఇలా రాస్తారు: ‘పూస పెద్దది, దృఢమైనది. కాటైల్ గుండ్రంగా ఉంది. పొడుపులు బాగా ఎదిగాయి.’ దీన్ని చదివి ఎవరూ బొమ్మ గీయలేరు. ఇలా రాయాలి:

‘కాయం అడుగునుంచి చూస్తే వెనక్కి సన్నబడే త్రిభుజంలా ఉంది. కాటైల్ అడ్డంగా సాగిన దీర్ఘవృత్తం, వెడల్పు 21.4 మి.మీ., ఎత్తు 17.8 మి.మీ., కింది అంచు ఎడమవైపు అరిగింది. కాటైల్‌కు ఇరువైపులా లోతు తక్కువ గుంట ఉంది. ఎడమ గుంటలో ఒక పారాకాటైలార్ రంధ్రం ఉంది, కుడి గుంట మట్టితో పూడింది. కుడి ప్రీజైగపోఫిసిస్ పలక అడ్డగీతకు సుమారు 15 డిగ్రీలు పైకి వాలింది, దాని కొన దాటి ముల్లు లేదు, కొన పైపొర చెదరలేదు. ఎడమ ప్రీజైగపోఫిసిస్ మొదట్లోనే విరిగింది.’

‘దృఢం’, ‘బాగా’ లాంటి మాటలు కొలతలుగా, కోణాలుగా మారాయి. కుడి గుంటలో రంధ్రం ఉందని ఊహించలేదు, లేదనీ చెప్పలేదు. ‘బోవాను పోలి ఉంది’ వంటి పోలిక ఇందులో ఎక్కడా లేదు. పోలికకు వేరే విభాగం ఉంటుంది. వర్ణనలో కలిపితే రేపు వర్గీకరణ మారినప్పుడు మొత్తం తిరగరాయాల్సి వస్తుంది.

అభ్యాసానికి చచ్చిన పామును ఏరుకొచ్చే పని పెట్టుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం కావచ్చు. మేక మెడా, ప్రచురితమైన ఫొటోలూ, మార్ఫోసోర్స్ వంటి చోట్ల దొరికే త్రిమితీయ నమూనాలూ చాలు.

ఈ వారం అభ్యాసం: వాసుకి వ్యాసంలోని ఏదైనా ఒక పూస బొమ్మ తీసుకుని, రచయితల వర్ణన చదవకుండా పై క్రమంలో 150 మాటలు రాయండి. దాన్ని బొమ్మ చూడని ఒకరికిచ్చి గీయమనండి. వాళ్లు తప్పు గీసిన ప్రతి చోటా మీ వాక్యం కింద గీత పెట్టి, ఆ వాక్యాన్ని కొలతతో తిరిగి రాయండి. ఆ తర్వాతే రచయితల వర్ణనతో సరిపోల్చండి. 4వ పాఠంలో ఇదే పూసను కొండచిలువతోనూ, వాసుకి కుటుంబానికే చెందిన మరో శిలాజ సర్పం మాడ్ట్సోయా పిస్దురెన్సిస్‌తోనూ పక్కపక్కన పెట్టి లక్షణాల పట్టిక తయారుచేస్తాం. దిద్దుకున్న రాతను అప్పటిదాకా దాచుకోండి.