మరణానంతర శౌర్య పురస్కారం పొందిన సైనికుడి గురించి రాయడం ఎలా?

ఊళ్లో స్తూపం కట్టించేటప్పుడో, వర్ధంతి సభకు ప్రత్యేక సంచిక వేసేటప్పుడో, యుద్ధంలో నేలకొరిగిన సైనికుడి గురించి నాలుగు పేరాలు రాసే పని ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ పని మీద పడినవారు ముందుగా విశేషణాల కోసం వెతుక్కుంటారు. నిజానికి ముందు వెతకవలసినది పురస్కారంతో పాటు ప్రభుత్వం వెలువరించే ప్రశంసాపత్రం. సైనికులు దాన్ని సైటేషన్ అంటారు. రక్షణ మంత్రిత్వ శాఖ శౌర్య పురస్కారాల కోసం నడిపే వెబ్‌సైటులో గ్రహీత పేరుతో వెతికితే అది సాధారణంగా దొరుకుతుంది. అది చేతికి వచ్చేదాకా ఒక్క వాక్యం కూడా రాయకపోవడం మంచిది.

తరువాత పురస్కారం ఏదో తేల్చుకోవాలి. శత్రువుకు ఎదురు నిలిచి చూపిన శౌర్యానికి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర ఇస్తారు. శత్రుసైన్యం ఎదుట కాక ఇతర సందర్భాల్లో చూపిన సాహసానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర ఉన్నాయి. ఈ రెండు వరుసలను కలిపేయడం మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు. గల్వాన్ లోయలో 2020 జూన్ 15 రాత్రి జరిగిన ఘర్షణలో తుపాకులు పేలలేదు, యుద్ధ ప్రకటనా లేదు. అయినా ఎదుట ఉన్నది చైనా సైన్యం గనుక, సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుకు దక్కినది మహావీర చక్ర. ఆయన విషయంలోనే తేదీలు ఎలా చిక్కులు పెడతాయో చూడవచ్చు: మరణం 2020 జూన్‌లో, పురస్కార ప్రకటన 2021 గణతంత్ర దినోత్సవ సందర్భంగా, కుటుంబ సభ్యులు రాష్ట్రపతి చేతుల మీదుగా పతకం అందుకున్నది 2021 నవంబరులో. ఈ మూడింటిలో ఏది రాస్తున్నామో చెప్పకుండా ఉత్త సంవత్సరం వేస్తే, తరువాత చదివేవారు దాన్నే మరణ సంవత్సరం అనుకుంటారు.

ఇక ప్రశంసాపత్రాన్ని చదివే పద్ధతి. అందులోని పొగడ్త మాటలను పక్కన పెట్టి, ఆ మనిషి ఏం చేశాడో చెప్పే క్రియాపదాల కింద గీతలు గీయండి. తొలి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ ఉదంతమే తీసుకుందాం. 1947 నవంబరు 3న కాశ్మీరులోని బడ్గాం వద్ద నాలుగవ కుమావోన్ పటాలానికి చెందిన ఆయన కంపెనీ (సుమారు వందమంది సైనికుల దళం) మీదికి దాదాపు ఏడింతల శత్రుబలగం వచ్చి పడింది. అంతకుముందే దెబ్బ తగిలిన ఆయన ఎడమ చేతికి ప్లాస్టర్ కట్టు ఉంది. మనుషులు ఒక్కొక్కరే పడిపోతూ తేలికపాటి మెషిన్‌గన్లకు తూటాలు అందించేవారు కరువైనప్పుడు, ఆయన ఆ కట్టుతోనే మ్యాగజైన్లు (తుపాకికి తగిలించే తూటాల పెట్టెలు) నింపి గన్నర్లకు అందించారు. ఆ పనిలో ఉండగానే ఒక మోర్టార్ గుండు మందుగుండు మధ్యలో పడి పేలింది. శత్రువు ముందడుగు ఆరు గంటలు ఆగిపోయిందనీ, ఆ వ్యవధిలో మన అదనపు బలగాలు హుంహమా వద్ద సర్దుకున్నాయనీ ప్రశంసాపత్రం చెబుతుంది.

దీన్నే “శత్రుమూకలను చీల్చి చెండాడిన సింహకిశోరం” అని రాస్తే ఏం పోయిందో గమనించండి. చెయ్యి పోయింది, మ్యాగజైన్లు పోయాయి, ఆరు గంటలూ పోయాయి. మిగిలిన వాక్యం ఏ సైనికుడికైనా అతుకుతుంది. ఒక కంపెనీ నిలబడడం వల్ల వెనుక ఏం దక్కిందన్నది శౌర్యగాథలో అసలైన భాగమని నా అభిప్రాయం. తెలుగు సంచికల్లో ఎక్కువగా జారిపోయేదీ అదే. పైగా పరమవీర చక్ర 1950 జనవరి 26న ఏర్పడి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించింది. కాబట్టి శర్మ 1947లో పురస్కారం పొందారని రాయకూడదు.

అంకెల దగ్గర ఇంకొంత జాగ్రత్త కావాలి. 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో ఖేమ్‌కరణ్ ప్రాంతంలో జీపు మీది తుపాకితో ట్యాంకులను పేల్చి ప్రాణాలిచ్చిన అబ్దుల్ హమీద్ ఎన్ని ట్యాంకులను ధ్వంసం చేశారన్న లెక్క ఒక్కో కథనంలో ఒక్కో విధంగా కనిపిస్తుంది. అలాంటి చోట పెద్ద అంకెను ఎంచుకోవడం మానుకుని, “ప్రశంసాపత్రం ప్రకారం” అని రాసి అక్కడ ఉన్నదే ఇవ్వాలి. అధికారిక ప్రకటన కూడా పొరబడవచ్చు. 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ శిఖరం మీద జరిపిన దాడికి గాను గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్రను మొదట మరణానంతర పురస్కారంగానే ప్రకటించారు. తీరా చూస్తే ఆయన ఆసుపత్రిలో కోలుకుంటున్నారు, మరణించినది అదే పేరున్న మరో జవాను. అందువల్ల పేరుతో పాటు హోదా, పటాలం సంఖ్య, వీలైతే సర్వీసు నంబరు కూడా సరిపోల్చుకోవాలి.

కుటుంబాన్ని కలవాలనుకుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్లడం మర్యాద. పోరు వివరాల కోసం వారిని మళ్లీ మళ్లీ అడగవద్దు. వారికి తెలిసినది ఇంటి మనిషి. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య, కార్గిల్ పోరులో మరణించి మహావీర చక్ర పొందినవారు, యుద్ధరంగం నుంచి తండ్రికి రాసిన ఉత్తరం ఇప్పటికీ చదువుతుంటారు. అటువంటి ఉత్తరం మీకు దొరికితే సారాంశం రాయకుండా, అనుమతి తీసుకుని, అక్షరం మార్చకుండా అచ్చు వేయండి.

“అమరవీరుడు” అన్న మాట మనకు అలవాటైనదే గానీ, సైనిక పత్రాల్లో అది వాడరు. వ్యాసంలో వాడుకోవచ్చు, అధికారిక వాక్యాన్ని ఉటంకించేటప్పుడు మాత్రం చేర్చకూడదు. శిలాఫలకం మీదికైతే హోదా, పేరు, పురస్కారం పక్కన “మరణానంతరం”, పటాలం, పోరు జరిగిన చోటు, తేదీ చాలు. చెక్కేవారికి ఇచ్చే ముందు ఆ కాగితాన్ని కుటుంబంలో ఒకరి చేత, అదే పటాలంలో పనిచేసిన మాజీ సైనికుడి చేత చదివించి, ఇద్దరి సంతకాలూ తీసుకోండి.