కాన్పుకి పుట్టింటికి వెళ్లేముందు: హెచ్‌ఐవీ మందు ఫెయిల్ అవ్వకుండా చూసుకోవడం ఎలా

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు మన తెలుగోళ్ల ఇళ్లల్లో అత్తారిల్లు ఒడిశాలో ఉంటే పుట్టిల్లు పాతపట్నమో పార్వతీపురమో ఇచ్ఛాపురమో అయి ఉంటుంది, ఏడో నెల రాగానే సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళ్లిపోతారు. మామూలుగా అయితే ఇబ్బందేం లేదు. ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణిచి ఉంచే మాత్రలు వాడే అమ్మాయికి మాత్రం మందు తెగిపోయేది సరిగ్గా ఇక్కడే, ఫైలేమో ఒడిశాలో, మనిషేమో ఆంధ్రాలో. వైరస్ మందుకి లొంగకుండా తయారయ్యేదీ ఇలాంటి గ్యాపుల్లోనే.

హెచ్‌ఐవీ ఒకటే రకం కాదు. 1, 2 అని రెండున్నాయి, 1లో మళ్లీ ఏ, బీ, సీ, డీ అంటూ సబ్‌టైపులు, మన దేశంలో ఎక్కువగా తిరిగేది సబ్‌టైప్ సీ. సబ్‌టైపు ఏంటా అని బెంగపడక్కర్లేదు, దాన్ని బట్టి మీ మాత్ర మారదు. మీరు అడగాల్సింది రిపోర్టులో ఉన్నది 1ఆ 2ఆ అని, ఎందుకంటే నెవిరాపిన్, ఎఫావిరెంజ్ లాంటి మందులు 2 మీద పనిచెయ్యవు, బిడ్డకి హెచ్‌ఐవీ అంటకుండా ఏ సిరప్ వెయ్యాలన్నది దీని మీదే ఆధారపడుతుంది.

ఒకే మనిషి ఒంట్లో కూడా వైరస్ అంతా ఒకేలా ఉండదు. మందు లేనప్పుడు రోజుకి కోట్లకి కోట్లు పుడుతుంది, దాని జన్యువులో దాదాపు 10 వేల అక్షరాలుంటాయి, వాటిని నకలు తీసే ఎంజైము తప్పు రాసినా వెనక్కొచ్చి దిద్దుకోదు. ఆ తప్పుల్లో ఏదో ఒకటి మందుని తట్టుకునేలా ఉంటే, మందు అరకొరగా ఉన్న రోజుల్లో అదొక్కటే బతికి పెరిగిపోతుంది. మందు నిండుగా ఉంటే నకళ్లే పడవు, ఇంక తప్పులెక్కడివి. సబ్‌టైప్ సీలో టెనోఫోవిర్‌ని దెబ్బతీసే కె65ఆర్ అనే మార్పు మిగతా వాటికంటే తొందరగా వస్తుందని ల్యాబుల్లో చూశారు, కాబట్టి మనవాళ్లు గ్యాపులు ఇవ్వకూడదనడానికి ఇంకో కారణం.

ఇప్పుడు ఇచ్చేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, రోజుకి ఒక్క మాత్ర. డోల్యుటెగ్రావిర్ గట్టి మందు, వైరస్ దానికి అంత ఈజీగా అలవాటు పడదు. 2018లో బోట్స్‌వానా నుంచి బిడ్డ వెన్నుపాముకి లోపం వస్తుందేమో అని ఒక భయం లేచింది, ఇంకా ఎక్కువ కాన్పులు లెక్కలోకి వచ్చాక ఆ తేడా నిలబడలేదు, అప్పటి వీడియోలు చూసి ఎవరూ మాత్ర ఆపెయ్యకండి.

అసలు గొడవ ఐరన్, కాల్షియం దగ్గర వస్తుంది, దీని గురించి చాలామందికి ఎవరూ చెప్పరు. ఆశా దీదీ ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఖాళీ కడుపుతో టీఎల్‌డీతో కలిపి మింగితే డోల్యుటెగ్రావిర్‌ని పేగుల్లోనే పట్టేసుకుంటాయి, రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. రోజూ వేసుకుంటున్నా అని మీరనుకుంటారు, ఒంట్లో మాత్రం సగం డోసే. కాబట్టి టీఎల్‌డీ వేసుకున్నాక 2 గంటలు ఆగి ఐరన్, లేదా ఐరన్ వేసుకుని 6 గంటలయ్యాక టీఎల్‌డీ, కాల్షియంకీ అంతే. పొద్దున్నే లేవగానే టీఎల్‌డీ, పదింటికి ఐరన్, కాల్షియం మధ్యాహ్నం రాత్రి భోజనాల తర్వాత అని పెట్టుకుంటే సరిపోతుంది. లెక్క కుదరకపోతే భోజనంతో పాటు కలిపి వేసుకోవచ్చు, తిండి ఉంటే ఫర్వాలేదు. గ్యాస్‌కి తాగే యాంటాసిడ్లకి మాత్రం తిండితో కలిపే ఈ వెసులుబాటు లేదు, 2 గంటలు, 6 గంటల లెక్క పాటించాల్సిందే. టీబీకి రిఫాంపిసిన్ నడుస్తుంటే సెంటర్లో తప్పకుండా చెప్పాలి, అప్పుడు డోల్యుటెగ్రావిర్ రోజుకి రెండుసార్లు కావాలి.

ఇంక ప్రయాణం. సీమంతానికి రెండు మూడు వారాల ముందే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లి, ఫలానా ఊరికి కాన్పుకి పోతున్నా, రెండు మూడు నెలల మందు ఇవ్వండి, లేదంటే అక్కడి సెంటర్‌కి ట్రాన్స్‌ఫర్ రాయండి అని అడగండి. చీటీ, ఏఆర్‌టీ బుక్కు, ఆఖరి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే టెస్ట్) రిపోర్టు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, చీటీ ఒడియాలో ఉంటే శ్రీకాకుళం వైపు చదివేవాళ్లు దొరక్క తిప్పుతారు, మందుల పేర్లు ఇంగ్లీషులో రాయించుకోవడం మేలు. చుట్టాలకి తెలుస్తుందని డబ్బా మీద లేబుల్ గోకేసేవాళ్లున్నారు, లేబుల్ తీస్తే తియ్యండి గానీ లోపలి చిన్న సిలికా పొట్లం పారెయ్యకండి, మూత గట్టిగా పెట్టండి.

వేసుకున్న కాసేపటికే వాంతై మాత్ర బయటికొచ్చేస్తే ఇంకోటి వేసుకోవాలి. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వెయ్యండి, తర్వాతి డోసుకి 4 గంటలే ఉంటే మాత్రం వదిలేసి టైముకే వేసుకోండి, ఒకేసారి రెండు వద్దు.

32 నుంచి 36 వారాల మధ్య వైరల్ లోడ్ టెస్ట్ తప్పనిసరి. పుట్టింట్లో ఉండేది ఆ టైములోనే కాబట్టి ఎక్కడ చేయించుకుంటారో ముందే తేల్చుకోండి. మిల్లీలీటరు రక్తంలో వైరస్ 1000 కాపీలు దాటితే ముందు మాత్రలు ఎలా వేసుకుంటున్నారో చూస్తారు, ఐరన్ సంగతి మీరే చెప్పండి, డాక్టరు అడక్కపోవచ్చు. అప్పటికీ తగ్గకపోతే జన్యువు చదివే రెసిస్టెన్స్ టెస్ట్ వరకూ వెళ్లొచ్చు. దానికి మందు వేసుకుంటూనే రక్తం ఇవ్వాలి, ఆపేసి ఇస్తే మామూలు వైరస్ పైకొచ్చి మొండిది దాక్కుంటుంది, రిపోర్టు బాగున్నట్టే వస్తుంది. అందులో ఎం184వీ లాంటివి కనిపిస్తాయి, అంటే 184వ స్థానంలో ఎం పోయి వీ వచ్చిందని, అది లామివుడిన్‌కి సంబంధించింది. కె103ఎన్ ఉంటే నెవిరాపిన్, ఎఫావిరెంజ్ పనికిరావు.

పాత కాన్పులో ఒక్క డోసు నెవిరాపిన్ ఇచ్చి పంపేసిన ఆడవాళ్లున్నారు, జీవితాంతం మందు అనే పద్ధతి మన దేశంలో 2014లో వచ్చింది, అంతకుముందు అదే రివాజు. ఆ మందు ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి కె103ఎన్ మిగిల్చి పోయేది. మీకు అలా జరిగుంటే లేబర్ రూంలో చెప్పండి, బిడ్డకి నెవిరాపిన్ బదులు జిడోవుడిన్ సిరప్ ఇవ్వాలా అని ఆలోచిస్తారు. సూరత్ పని నుంచి వచ్చే మీవారి మందులు, లోడ్ కూడా కనుక్కోండి, ఆయన ఒంట్లో మొండి వైరస్ ఉంటే అదే మీకు అంటుకునే అవకాశం ఉంది.

బిడ్డ పుట్టగానే సిరప్ మొదలుపెట్టాలి. 6 వారాలకి, 6 నెలలకి, ఏడాదికి, 18 నెలలకి బిడ్డకి హెచ్‌ఐవీ టెస్టులు. మొదటి టెస్టుకి మీరు పుట్టింట్లోనే ఉండొచ్చు, అప్పుడు అక్కడి ఐసీటీసీలోనే (సర్కారు హెచ్‌ఐవీ టెస్ట్ సెంటర్) చేయించండి, అత్తారింటికి వెళ్లాక చూద్దాంలే అంటే సిరప్ అయిపోయే టైమూ దాటిపోతుంది. వార్డులో ఎవరైనా కేస్ షీటు మీద ఎర్రగా రాసినా, పక్కవాళ్లకి వినపడేలా అరిచినా 2017 హెచ్‌ఐవీ చట్టం అడ్డుకుంటుంది, మీ ఒప్పుదల లేకుండా చెప్పకూడదు. డౌట్లకి హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097, ఫ్రీ కాల్.