కొత్తగా మెకానిక్ షెడ్డు పెడుతున్నారా? పనిముట్లు ఇలా ఎంచుకోండి

అమలాపురం, భీమవరం వైపు కొత్తగా షెడ్డు పెట్టే కుర్రాళ్ళు చాలామంది కొట్టుకెళ్ళి, కళ్ళకి నిండుగా కనిపించే పెద్ద పెట్టె సెట్టు కొనేస్తుంటారు. వందకి పైగా పీసులుంటాయి, మూత తీస్తే తళతళలాడతాయి. కొన్నాళ్ళకి చూస్తే చేతిలో ఆడేవి పదో పదిహేనో, మిగతావి పెట్టెలోనే తుప్పు పట్టి ఉంటాయి. అదే డబ్బుకి తక్కువ సామాను, మంచిది కొంటే ఏళ్ళ తరబడి పని చేస్తుంది.

మన గోదావరి డెల్టాలో మెకానిక్‌ని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది తుప్పే. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (బండ్లని నది దాటించే పెద్ద పడవ) మీద దాటే బైకులు, రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే వ్యాన్లు, దమ్ము చేలోంచి బురదతో వచ్చే ట్రాక్టర్లు, పైన సముద్రపు గాలి. అందుకే ఏ పనిముట్టు కొన్నా, పట్టేసిన నట్టు మీద ఇది నిలుస్తుందా అని ఆలోచించి కొనాలి.

1. ముందు బండ్లు చూడండి

షెడ్డు పెట్టబోయే రోడ్డు మీద ఒక పూట నిలబడి ఏ బండ్లు ఎక్కువ తిరుగుతున్నాయో గమనించండి. రావులపాలెం, తణుకు లాంటి హైవే ఊళ్ళలో కార్లు, టాటా ఏస్‌లు బాగా వస్తాయి. లోపలి ఊళ్ళలో బైకులు, ఆటోలే ఎక్కువ. ఇది ఎందుకంటే, బండిని బట్టి బోల్టు తల సైజు మారుతుంది. 6 మి.మీ. బోల్టుకి దాదాపు ఏ బండిలోనైనా తల 10. 8 మి.మీ. బోల్టుకి హీరో, హోండా, మారుతి లాంటి జపాన్ పద్ధతి బండ్లలో సాధారణంగా 12 ఉంటుంది, టాటా, మహీంద్రా బండ్లలో 13 ఉంటుంది. 10 మి.మీ. బోల్టుకి జపాన్ పద్ధతి బండ్లలో 14, టాటా, మహీంద్రాల్లో 16 లేదా 17. బైకులే చేసేవాళ్ళకి 13 ఎప్పుడోగానీ పడదు. ఏస్‌లు చేసేవాళ్ళకి అది లేకపోతే రోజు గడవదు.

2. పానాలు, సాకెట్లు

మీ దగ్గరున్న డబ్బులో సగం ఇక్కడే పెట్టండి. 8, 10, 12, 13, 14, 17, 19 సైజుల్లో ఫిక్స్ పానాలు, రింగ్ పానాలు రెండూ ఉండాలి. 10, 12 మాత్రం రెండేసి తీసుకోండి. బోల్టు తిప్పుతుంటే వెనక నట్టు పట్టుకోవడానికి అదే సైజు మరొకటి కావాలి.

ఫిక్స్ పానా నట్టుని రెండు వైపులే పట్టుకుంటుంది. నాసిరకం ఇనుమైతే బలంగా లాగినప్పుడు నోరు కొద్దిగా విచ్చుకుంటుంది. ఆ కొద్దిపాటి సందు చాలు, పానా జారి నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, మన వేళ్ళు చట్రానికి కొట్టుకుంటాయి. రింగ్ పానా చుట్టూ పట్టుకుంటుంది కాబట్టి పట్టేసిన నట్టుని ఎప్పుడూ రింగుతోనే కదపండి. వదులయ్యాక ఫిక్స్ పానాతో త్వరగా తీసేయొచ్చు.

సాకెట్లలో (నట్టు మీద టోపీలా కూర్చునే గొట్టాలు) లోపల పన్నెండు మూలలున్నవి, ఆరు మూలలున్నవి దొరుకుతాయి. మన ప్రాంతానికి ఆరు మూలలవే తీసుకోండి. తుప్పు తిని పలచబడిన తలని అవే బాగా పట్టుకుంటాయి. సాకెట్ తీయకుండానే అటూ ఇటూ ఆడిస్తూ తిప్పే అర అంగుళం డ్రైవ్ రాట్చెట్ ఒకటి, దాంతో పాటు పొడవాటి హ్యాండిల్ ఒకటి ఉండాలి. పట్టేసిన బోల్టుని రాట్చెట్‌తో లాగితే లోపల పళ్ళు విరుగుతాయి, ఆ పని పొడవాటి హ్యాండిల్‌దే. రాట్చెట్‌లో 72 పళ్ళుంటే 5 డిగ్రీలకే ఒక అడుగు పడుతుంది, ఇరుకులో అది చాలా కలిసొస్తుంది.

కొనేటప్పుడు జేబులో కొత్త 10 తల, 12 తల బోల్టులు వేసుకెళ్ళండి. కొట్టులోనే పానా పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. లూజుగా ఆడితే పక్కన పెట్టేయండి, ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు. పానా మీద క్రోమ్ వనేడియం (గట్టి ఉక్కు రకం) అని అచ్చు పడి ఉందా చూడండి. తపారియా లాంటి పేరున్న సరుకు తీసుకుంటే బిల్లు అడగండి, ఆ పేర్లతోనే నకిలీలు వస్తాయి.

3. పట్టేసిన నట్టు కోసం

వైరు బ్రష్షు, తుప్పు వదిలించే స్ప్రే, సుత్తి, ఉలి, గ్రిప్ ప్లేయర్. ఈ ఐదూ మొదటి రోజు నుంచీ ఉండాలి.

చేపల వ్యాను కింద పట్టీ బోల్టు తీయాలనుకుందాం. ఐసు కరిగిన ఉప్పునీరు రోజూ కారి, నట్టు మీద ఎర్రటి పొర పొలుసులుగా లేచి ఉంటుంది. నేరుగా పానా పెడితే అది పొర మీద కూర్చుంటుంది గానీ నట్టు మీద కాదు. ముందు వైరు బ్రష్షుతో నట్టు, బయటికొచ్చిన మర రెండూ శుభ్రంగా గీకండి. స్ప్రే కొట్టి పావుగంట వేరే పని చూసుకోండి. నట్టు పక్కల సుత్తితో నాలుగు దెబ్బలు మెల్లగా వేయండి. తర్వాత విప్పే వైపుకి కాకుండా కాస్త బిగించే వైపుకి కదపండి. టిక్కుమని ఒక చిన్న చప్పుడు వస్తుంది, తుప్పు పట్టు వదిలినట్టు. ఇప్పుడు విప్పండి. మధ్యలో మళ్ళీ బిగుసుకుంటే అర చుట్టు వెనక్కి తిప్పి, స్ప్రే కొట్టి ముందుకెళ్ళండి. తొందరపడి బోల్టు విరగ్గొట్టుకుంటే పది నిమిషాల పని పూట పడుతుంది.

ఎంతకీ కదలని నట్టుని కొందరు గ్యాస్‌తో వేడి చేస్తారు, అది పెట్రోలు ట్యాంకు, పైపుల దగ్గర మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

4. చిన్న సామాను

స్టార్, ఫ్లాట్ స్క్రూడ్రైవర్లు మూడేసి సైజులు, కటింగ్ ప్లేయర్, నోస్ ప్లేయర్, అలెన్ కీ సెట్టు, సర్క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) తీసే ప్లేయర్, ఇంజన్ ట్యాపెట్ల సందు కొలిచే ఫీలర్ గేజ్. ప్లగ్గు పానా విషయంలో చూసుకోండి. ఇప్పటి చాలా బైకులకి 16 మి.మీ., పాత స్కూటర్లకి 21. ప్లగ్గుని ముందు చేత్తో తిప్పాలి, చివర్లోనే పానా పెట్టాలి. హెడ్డు అల్యూమినియం కాబట్టి అతిగా బిగిస్తే మర ఊడి వచ్చేస్తుంది. 10 మి.మీ. మర ప్లగ్గుకి 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల (బిగింపు బలానికి కొలత) బిగింపు చాలు. అందుకే రెండో విడతలోనైనా ఆ బిగింపుని కొలిచే టార్క్ రెంచ్ కొనమంటాను.

5. కరెంటు పనికి మల్టీమీటర్

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చాక చాలా బైకుల్లో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్, సెన్సర్లు వచ్చాయి. పాత పద్ధతిలో బల్బు పెట్టి వైర్లు తడిమితే సెన్సరో, ఈసీయూనో (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) దెబ్బతినొచ్చు. దానికి పరిహారం మీరే కట్టాలి. డిజిటల్ మల్టీమీటర్ పెద్ద ఖర్చు కాదు. ఇంజన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12కి దిగితే దాదాపు ఖాళీ. ఇంజన్ రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే. ఈ మూడు అంకెలు తెలిస్తే అనవసరంగా కొత్త బ్యాటరీ అమ్మే పరిస్థితి రాదు. కస్టమర్ మిమ్మల్ని నమ్మేది అక్కడే.

6. జాకీ, స్టాండ్లు

కార్లు, ఏస్‌లు చేస్తే దీంట్లో రాజీ వద్దు. ఎంత మంచి జాకీ అయినా ఎత్తడానికే, కింద దూరడానికి స్టాండ్లు ఉండాల్సిందే. మనది మెత్తటి ఒండ్రు నేల, వానాకాలంలో జాకీ అడుగు మెల్లగా దిగబడిపోతుంది, బండి ఒరుగుతుంది. గచ్చు లేకపోతే జాకీకీ, స్టాండ్లకీ కింద మందపాటి చెక్క లేదా ఇనుప రేకు వేయండి. చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టండి. కళ్ళద్దాలు కూడా ఈ లెక్కలోవే. కింద పడుకుని తుప్పు గీకేటప్పుడు పొలుసులు సరాసరి కంట్లోనే పడతాయి.

7. ఇప్పుడే కొనక్కర్లేనివి

కంప్రెసర్, బండి కంప్యూటర్‌లో లోపాలు చదివే స్కానర్, ఇంజన్ మాగ్నెట్‌ని ఊడలాగే పుల్లర్లు, నట్లు విప్పే ఇంపాక్ట్ గన్ మొదటి రోజే అక్కర్లేదు. పుల్లర్ లాంటివి ఆ మోడల్ బండి రెండు మూడు సార్లు వచ్చాక కొనండి, ఈలోపు తెలిసిన మేస్త్రి దగ్గర అడిగి తెచ్చుకుని ఆ పూటే ఇచ్చేయండి. ఏ సైజు కోసం ఎక్కువ వెతుక్కుంటున్నారో ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉంటే, తర్వాత కొనాల్సిన జాబితా అదే తయారవుతుంది.

8. తుప్పు నుంచి కాపాడుకోవడం

పనిముట్లని గోనె సంచిలో చుట్టి నేల మీద పడేయకండి, సంచి చెమ్మ పీల్చుకుని పానాలకి పట్టిస్తుంది. రేకు పెట్టెలో, నేలకి ఎత్తుగా ఉంచండి. సాయంత్రం షట్టరు వేసేముందు పాత ఇంజన్ ఆయిల్ కాకుండా శుభ్రమైన ఆయిల్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. ఉప్పునీరు తగిలిన రోజున ముందు మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరాకే ఆయిల్ రాయండి.