నొప్పి లేకుండా కీబోర్డు – 4వ పాఠం: కీ అడుగుకు చేరాక ఆపాల్సిన పని

పోయిన పాఠంలో టచ్ సెట్టింగును యమహా అయితే సాఫ్ట్‌కి, రోలాండ్ అయితే లైట్‌కి మార్చమన్నాను. అలా చేస్తే మెల్లగా నొక్కినా సౌండ్ గట్టిగా వస్తుంది. మార్చినవాళ్లలో చాలామంది ఒకటే మాట చెప్పారు: సౌండ్ మీద పడుతోంది, అందుకని వాల్యూమ్ తగ్గించాం, నొప్పి మాత్రం అలాగే ఉంది. పాఠం అక్కడే తిరగబడింది. వాల్యూమ్ తగ్గితే చెవికి చాలదు, చెవికి చాలకపోతే చెయ్యి తనంతట తానే గట్టిగా కొడుతుంది. పెళ్లి ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ పక్కన నిలబడి, మానిటర్ స్పీకర్లో తన వాయింపు తనకే వినపడక రాత్రంతా బాదినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. వాల్యూమ్ మళ్లీ పాత చోటికి తెచ్చుకోండి. తగ్గాల్సింది చేతి జోరు.

స్టాండు ఎత్తు, మోచేయి, మణికట్టు కుదిరాయనే అనుకుని ముందుకు వెళ్తున్నాను.

టచ్ ఉన్న మామూలు కీబోర్డులో ప్రతి కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. కీ దిగేటప్పుడు ఒకటి ముందు తగులుతుంది, రెండోది కాస్త ఆగి తగులుతుంది. ఆ మధ్యలో ఎంత టైం పట్టిందో చూసుకుని కీబోర్డు 1 నుంచి 127 లోపు ఒక అంకె వేస్తుంది. సౌండ్ ఎంత గట్టిగా రావాలో ఆ అంకె చెబుతుంది. రెండో కాంటాక్టు తగిలిన క్షణానికే లెక్క అయిపోయింది. ఆ తర్వాత మీరు నొక్కే నొక్కుడంతా అడుగున ఉన్న చెక్కకో ప్లాస్టిక్‌కో పోతుంది, తిరిగి మీ వేళ్ల కీళ్లకే వస్తుంది. సౌండ్‌కి ఒక్క పిసరు కూడా చేరదు. అయినా దాదాపు అందరూ నొక్కుతారు! హార్మోనియం నుంచి వచ్చినవాళ్లు మరీను. ఆర్గన్ టోన్ పెట్టుకుని కూడా బలంగా కొడతారు. చాలా ఆర్గన్ టోన్లకు మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా ఒకటే సౌండ్. స్ట్రింగ్స్ మీద ఉద్వేగం వచ్చినప్పుడు కీని అడుగున పట్టుకుని వణికిస్తారు. ఆఫ్టర్‌టచ్ ఉన్న సింథ్‌లో అయితే అలా నొక్కడానికి అర్థం ఉంది, అడుగుకు చేరాక నొక్కే నొక్కుడు కూడా సౌండ్‌ని మారుస్తుంది. నేనైతే చెయ్యి నొప్పి ఉన్నవాళ్లకు దాన్ని ఆఫ్ చేసేయమంటాను, వైబ్రేటోకి (స్వరం వణకడానికి) చేత్తో తిప్పే మాడ్యులేషన్ వీల్ చాలు.

ఇంకో పొరపాటు అభిప్రాయం: "తేలిక కీస్ కొంటే నొప్పి పోతుంది." ఈ తేలిక కీస్, అంటే సింథ్ యాక్షన్ కీస్, స్ప్రింగు మీద నడుస్తాయి. స్ప్రింగు ఎంత దిగితే అంత ఎదురు తోస్తుంది. అందుకే గబగబా వాయించడానికి హాయిగా ఉన్న కీబోర్డే, గాయకుడు ఆలాపన లాగుతుంటే ఎనిమిది బార్లు ఒకే కార్డు (కలిపి నొక్కే స్వరాలు) పట్టుకోవాల్సి వచ్చేసరికి వేళ్లను పిండుతుంది. హ్యామర్ యాక్షన్‌లో (పియానోలా సుత్తులున్న కీస్) దింపడానికి బరువెక్కువ, దిగాక పట్టుకోవడం అంత కష్టం కాదు. మీ నొప్పి దింపేటప్పుడు వస్తోందా, పట్టుకున్నప్పుడు వస్తోందా? అది తేలకుండా కొత్త కీబోర్డు కొనకండి. ప్యాడ్స్‌కి (ఆగకుండా సాగే మెత్తని టోన్లకు) నేను కీ పట్టుకోను, నోట్‌ని సాగదీసే సస్టెయిన్ పెడల్ తొక్కి వేళ్లు వదిలేస్తాను.

మీ కీస్ ఎంత బరువుకు దిగుతాయో ఇంట్లోనే చూసుకోవచ్చు. పది రూపాయల బిళ్ల 7.71 గ్రాములు, వెడల్పు 27 మిల్లీమీటర్లు. తెల్ల కీ సుమారు 23 మిల్లీమీటర్లే కాబట్టి బిళ్ల పక్క కీస్‌కి తగులుకుంటుంది. ముందు ఒక చిన్న రూపాయి బిళ్ల పెట్టి, దానిమీద పది రూపాయలవి పేర్చండి. కీ అంచు మీదే పెట్టాలి. హ్యామర్ యాక్షన్ అయితే ఒక బరువు దగ్గర కీ కదిలి నెమ్మదిగా అడుగుదాకా పోతుంది. స్ప్రింగు కీ కొంచెం దిగి ఆగిపోతుంది, ఇంకో బిళ్ల వేస్తే ఇంకొంచెం. ఇప్పుడు అదే దొంతరను నల్ల కీస్ మధ్యకు, లోపలికి జరపండి. ఇందాకటి బరువుకు అంత లోతు దిగదు. ఇరుసుకు (కీ వెనక ఆని ఊగే చోటుకు) దగ్గరైన కొద్దీ కీ మొండికేస్తుంది. లోపల వేళ్లు పెట్టి వాయించే అలవాటున్నవాళ్లు ఇది రెండుసార్లు చేసి చూడండి.

ఈసారి సాధన. ఆర్గన్ టోన్ పెట్టండి, పెడల్ వద్దు. 'స' నొక్కి పట్టుకుని, వేలి బలం కొద్దికొద్దిగా తగ్గిస్తూ నోట్ తెగిపోయేదాకా రండి. తెగే ముందు ఉన్న బలమే మీకు కావాల్సింది. మాయామాళవగౌళ రాగం ఎనిమిది స్వరాలకూ, కుడిచేతి అయిదు వేళ్లతో, తర్వాత ఎడమచేతి అయిదు వేళ్లతో విడివిడిగా చేయాలి. చిటికెన వేలికి ఓపిక పట్టండి. తిమ్మిరి గానీ, రాత్రి నిద్రలేపే నొప్పి గానీ ఉంటే సాధన మానేసి ముందు డాక్టర్‌కి చూపించుకోండి. అవి లేనివాళ్లు అన్ని వేళ్లకూ నోట్ తెగే చోటు దొరికాకే మొదటి సరళి వరస ఎత్తుకోండి, ఒకటో కాలంలోనే, అంటే నెమ్మదిగానే.