స్త్రీవాద పుస్తకాలు చదవడం ఎలా? కథ ఒకటి, వ్యాసం ఒకటి, జంటగా

స్త్రీవాద పుస్తకాలు చదవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ అడిగినవాళ్లలో సగం మంది అప్పటికే ఒక లావుపాటి పుస్తకం కొని, ముప్పై పేజీలు చదివి, తలకెక్కక అటక మీద పెట్టేసినవాళ్లే. ఫ్రెంచ్ రచయిత్రి సిమోన్ ద బోవా 1949లో రాసిన ‘ది సెకండ్ సెక్స్’ గొప్ప పుస్తకం, తప్పకుండా చదవాల్సిందే, అయితే తత్వశాస్త్రం, జీవశాస్త్రం, చరిత్ర అన్నీ కలిసి వచ్చే ఆ పుస్తకాన్ని మొట్టమొదటే ఎత్తుకుంటే ‘ఇది నావల్ల కాదు’ అనుకుని మొత్తానికే వదిలేసే ప్రమాదం ఉంది. కడపలో మా వీధి ఆడవాళ్లతో, కాలేజీ పిల్లలతో కూర్చుని చదివిన అనుభవంతో చెప్తున్నాను, ఇలా చేసి చూడండి.

ముందు ఒక్క కథ చదవండి

అరగంటలో అయిపోయే కథ. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ అయితే మరీ మంచిది. ఈగ ఇల్లలుకుతూ తన పేరు మర్చిపోయిన కథ మనందరం చిన్నప్పుడు విన్నదే కదా, ఇక్కడ పేరు మర్చిపోయేది ఒక ఇల్లాలు. ఒక్కసారి చదివి పక్కన పెట్టేయకుండా, మరుసటి రోజు మళ్లీ చదవండి. మొదటిసారి కథ ఏమవుతుందా అని చదువుతాం, రెండోసారి చదివేటప్పుడు మన ఇల్లు కనిపిస్తుంది.

మా జేజికి చదువు రాదు. ఒక మధ్యాహ్నం చెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంటే ఈ కథ చదివి వినిపించాను. పేరు గురించి ఏమైనా అంటుందేమో అని చూశాను, అదేమీ అనలేదు. “ఏమ్మే, ఆయమ్మ పేరు ఎతుక్కుంటా పుట్టింటికి పోతే, ఆ ఇంట్లో సంగటి కెలికిందెవురు?” అనింది. ఇంతమంది చదువుకున్నవాళ్లతో ఈ కథ గురించి మాట్లాడాను, ఇంత సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఆ ప్రశ్నను పట్టుకుని వ్యాసం దగ్గరికి వెళ్లండి

నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే. కథ మనలో ఒక ప్రశ్న పుట్టిస్తుంది, వ్యాసాలు ఆ ప్రశ్న వెంటపడి కారణాలు వెతుకుతాయి. రెండింటినీ జంటగా చదవాలి. ఉత్త కథలే చదివితే కళ్లు తుడుచుకుని ఊరుకుంటాం, ఉత్త వ్యాసాలే చదివితే అవి ఎవరి బతుకు గురించో తెలియకుండా పోతుంది.

సంగటి ఎవరు కెలికారు అనే ప్రశ్నకు రంగనాయకమ్మ గారి ‘ఇంటిపనీ బైటిపనీ’ ఉంది. ఇంటి పనికి విలువ ఎందుకు కట్టరు, అది ఆడవాళ్ల నెత్తిమీదే ఎందుకు పడింది అని వాదన చేస్తూ పోతుంది. ఆవిడతో ఒప్పుకోనవసరం లేదు, పెన్సిల్ పట్టుకుని పక్కనే మీ జవాబు రాసుకోండి. లైబ్రరీ పుస్తకమైతే మాత్రం నోట్‌బుక్‌లోనే.

ఇంకో జంట చెప్తాను. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్ 1929లో ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ అనే చిన్న పుస్తకం వేసింది. ఆడమనిషి రాయాలంటే ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం, తనకంటూ ఒక గది కావాలి అంటుంది. అందులో కథ చెప్పే ఆవిడకు ఆ డబ్బు మేనత్త ఆస్తి నుంచి వస్తుంది. ఓటు హక్కు, ఆ డబ్బు, రెండు కబుర్లూ దాదాపు ఒకేసారి అందాయనీ, వాటిలో డబ్బే పెద్దదిగా తోచిందనీ రాస్తుంది. ఇది చదివాక మన చట్టం చదవండి. హిందూ కుటుంబాల్లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు మగపిల్లవాడితో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 నుంచే అమలులోకి వచ్చింది, అయితే అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించలేదు, దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ఇప్పుడు మీ ఇంట్లో పొలం పాసుబుక్కులు తీసి ఎవరి పేర్లున్నాయో చూడండి. అది కూడా చదవడమే.

నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలు

ఏ పుస్తకం చదివినా ఈ మూడే రాసుకోండి: ఇందులో పని ఎవరు చేస్తున్నారు, డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఎవరి తరఫున ఎవరు మాట్లాడుతున్నారు. మూడోది కష్టమైన ప్రశ్న. చలం గారిని చదవొద్దని నేను అనను, ఆయన పుస్తకాలు ఎంతోమంది ఆడవాళ్లకు ధైర్యం ఇచ్చాయి. కానీ ఆయనతో మొదలుపెట్టొద్దు అంటాను. ఆడవాళ్లు తమ గురించి తాము రాసుకున్నవి పది చదివి, తర్వాత ఆయన దగ్గరికి వెళ్లండి, అప్పుడు ఏది స్త్రీ కోరిక, ఏది రచయిత ఊహ అన్న తేడా మీకే పట్టుబడుతుంది.

తెలిసిన కథను కొత్తగా చదవడం

ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో చేస్తారు, ఆ జనంలో అమ్మ ఒళ్లో కూర్చుని చూసి పెరిగిన వాళ్లం మేము. అలాంటి వాళ్లు ఓల్గా గారి ‘విముక్త’ చదివి తీరాలి, 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన కథల పుస్తకం. అందులో ‘సమాగమం’ కథలో, అడవిలో పిల్లలతో ఉంటున్న సీత శూర్పణఖను కలుస్తుంది. ముక్కూ చెవులూ కోయించుకున్న ఆ మనిషి ఇప్పుడు అందమైన తోట పెంచుతూ ఉంటుంది. ఇది చదవగానే కొందరికి కోపం రావచ్చు, భక్తికి ఏదో అయిపోతుందని టెన్షన్ పడొచ్చు. తొందరపడకండి. ఆ ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటే ఏం మాట్లాడుకుంటారు అని మనం ఎన్నడైనా అనుకున్నామా? ఆ ఒక్క ప్రశ్నతో చదవండి చాలు.

ఎవరు లేరో చూసుకోండి

నాలుగైదు పుస్తకాలయ్యాక మీ లిస్టు ముందు పెట్టుకోండి. అందరూ ఒకే రకం ఇళ్ల ఆడవాళ్లే అయితే ఆగండి. వంటిల్లు సంకెల అని ఒకావిడ రాస్తుంటే, ఇంకొకావిడ పొద్దున్నే వేరేవాళ్ల వంటింట్లో అంట్లు తోమి, ఆపైన కూలికి పోతుంటుంది. ఇద్దరి కష్టమూ ఒకటే అనేస్తే పొరపాటు. గోగు శ్యామల గారు సంపాదకత్వం వహించిన ‘నల్లపొద్దు’లో దళిత స్త్రీల రచనలున్నాయి. మన యోగి వేమన విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పే ఎం.ఎం. వినోదిని గారి కథలున్నాయి. ముస్లిం ఆడవాళ్ల బతుకు చెప్పే షాజహానా గారి ‘నఖాబ్’ కవితలు కడపలో పుట్టి పెరిగినవాళ్లు చదవకపోతే పక్కింటి మాట వినిపించుకోనట్టే. ఎ. రేవతి రాసుకున్న జీవితాన్ని సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, అది చదివిన రెండు రోజులు నేను ఇంకో పుస్తకం ముట్టలేకపోయాను.

పాతవి చదివేటప్పుడు సంవత్సరం చూసుకోవడం మర్చిపోవద్దు. భండారు అచ్చమాంబ 1874లో పుట్టి 1905లో పోయింది, ఆ కాస్త బతుకులోనే 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తెచ్చి ఆడవాళ్ల చరిత్ర రాసింది. ఇవాళ్టి మాటలు అందులో దొరక్కపోతే తప్పు ఆమెది కాదు. ఇంకా వెనక్కి వెళ్తే మన రాజంపేట పక్కనున్న తాళ్ళపాకలోనే అన్నమయ్య భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసింది. ఊరంతా అన్నమయ్య పేరే చెప్తారు, ఆమె పేరు కూడా చెప్పండి.

పుస్తకాలు ఎక్కడ?

కడప యర్రముక్కపల్లిలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది, ముందు అక్కడికి వెళ్లండి. ‘స్త్రీవాదం’ అని అడగడం కంటే రచయిత పేరుతో అడిగితే త్వరగా దొరుకుతాయి. పాత పత్రికల్లో వచ్చిన కథలు కావాలంటే శ్రీకాకుళం కథానిలయం వాళ్ల వెబ్‌సైట్‌లో ఫోన్‌లోనే చదువుకోవచ్చు. 1993లో మొదలైన స్త్రీవాద పత్రిక ‘భూమిక’ పాత సంచికలు ఎక్కడ కనిపించినా వదలొద్దు.

ఒక్కరే చదవకండి

ముగ్గురు చాలు. నెలకు ఒక కథ, ఒక వ్యాసం. ఆదివారం మధ్యాహ్నం అయితే ఆడవాళ్లకు వీలు కాదు, ఆరోజే ఇంట్లో పని రెట్టింపు, అందుకే మేము శనివారం సాయంత్రం మిద్దె మీద కూర్చుంటాం. మగవాళ్లు వస్తే రానివ్వండి, మొదటి రెండు నెలలు వినడానికి రమ్మని చెప్పండి. చదివిన రాత్రే ఇంట్లో గొడవకు దిగొద్దు, రెండు రోజులు ఆగి, నెమ్మదిగా ఒక్క పని గురించి మాట్లాడండి, ఆ పని ఎవరు చేయాలో తేలేదాకా రెండోది ఎత్తొద్దు. చదువు రానివాళ్లు ఇంట్లో ఉంటే గట్టిగా చదివి వినిపించండి. వాళ్లు మధ్యలో ఆపి ఏదైనా అడిగితే, ఆ మాటను అడిగింది అడిగినట్టే నోట్‌బుక్‌లో రాసి, పక్కన వాళ్ల పేరు కూడా రాయండి. వచ్చే నెల వ్యాసం దాన్నిబట్టే వెతకండి.