చిన్న చేతికి చిన్న మౌస్

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు కంప్యూటర్ నేర్పే ఉపాధ్యాయులు కీబోర్డు కంటే ముందు మౌస్ సంగతి చూసుకోవడం మంచిది. పెద్దల కోసం చేసిన మౌస్ సాధారణంగా 11, 12 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఆరేళ్ల పిల్లవాడు దాని మీద చెయ్యి ఆనిస్తే చూపుడువేలు బటన్ దాకా సరిగా అందదు కనుక, ఒక చేత్తో మౌస్‌ను పట్టుకుని రెండో చేత్తో నొక్కుతాడు, నొక్కేలోపు బాణం గుర్తు కాస్తా పక్కకు జరిగిపోతుంది. 9, 10 సెంటీమీటర్లకు మించని, తీగ ఉన్న చిన్న మౌస్ తీసుకుంటే ఈ అవస్థ చాలావరకు తగ్గుతుంది. తీగ లేని రకంతో బ్యాటరీలు మార్చే పని ఒకటి, కంప్యూటర్‌కు గుచ్చే గోరంత రిసీవర్ ఏ పిల్లవాడి నోట్లోకి చేరుతుందోనన్న భయం మరొకటి.

తరువాత విండోస్‌లో మౌస్ సెట్టింగ్స్ తెరిచి పాయింటర్ (ఆ బాణం గుర్తు) వేగాన్ని తగ్గించి, దాని పరిమాణాన్ని కొంత పెంచి, ఎడమ బటన్ మీద ఒక ఎర్రని బొట్టుబిళ్ల అంటించండి. ‘ఎడమవైపు నొక్కు’ అనడం కన్నా ‘బొట్టు మీద నొక్కు’ అంటే కుడి ఎడమలు ఇంకా తెలియని పిల్లలు కూడా తడుముకోరు. బొట్టుబిళ్లను గిల్లి పీకే పిల్లలుంటారు కాబట్టి, గోళ్లరంగు చుక్క పెడితే ఇంకా నయం. ఎడమచేతివాటం పిల్లలకైతే సెట్టింగ్స్‌లో బటన్లను తారుమారు చేసి, ఆ చుక్కను కుడి బటన్ మీద పెట్టాలి.