పాటినా మీద పచ్చ చుక్కలు: అతుకు దగ్గరే చూడండి

కొలరాడోలోని లవ్‌ల్యాండ్‌లో ఆగస్టు శిల్ప ప్రదర్శన ఆరుబయటే. ఎండకు కంచు వేడెక్కితే గోధుమరంగు పాటినాలోంచి, అంటే రసాయనాలతో కంచుపై తెప్పించిన రంగు పొరలోంచి, పచ్చటి చుక్కలు ఊరతాయి. పైన మళ్లీ రంగు వేస్తే నాలుగు రోజుల్లో తిరిగొస్తాయి. అసలు కారణం శిల్పం ముక్కల్ని కలిపిన వెల్డింగ్ అతుకులోని సూదిమొన రంధ్రాలు. వాటిలో దాగిన రసాయనం తడి తగలగానే బయటికొస్తుంది.

నాకు పనిచేసిన పద్ధతి: చుక్క ఉన్నచోట డ్రిల్‌తో గట్టి లోహం తగిలేదాకా తవ్వి, టిగ్ వెల్డింగ్‌తో (విద్యుత్ వేడితో కడ్డీని కరిగించే పద్ధతి) నింపాలి. ఆ కడ్డీ శిల్పాన్ని పోతపోసిన మిశ్రమలోహమే కావాలి. సిలికాన్ కంచుకి (రాగి దాదాపు 95%, సిలికాన్ 4%, మాంగనీస్ 1%) వేరే కడ్డీ వాడితే పాటినాలో అతుకు గీతలా కనబడుతుంది. తర్వాత ఆకురాయితో చదునుచేసి, శాండ్‌బ్లాస్ట్ చేసి (గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి), నీళ్లతో బాగా కడిగి, టార్చ్‌తో లోపలి తడి పోయేదాకా కాచాలి.

ఇక పాటినా మళ్లీ వేయాలి. కాచిన లోహం మీద నీటిచుక్క పడగానే చుయ్యిమని ఆవిరైతే వేడి సరిపోయినట్టే. గోధుమరంగు తెచ్చే రసాయనం ఫెర్రిక్ నైట్రేట్‌ను పల్చగా, పొరలుపొరలుగా కొట్టాలి. చిక్కనైతే తుప్పులాంటి నారింజరంగు తేలుతుంది. రెస్పిరేటర్ (పొగను వడగట్టే మాస్కు) తప్పనిసరి, ఆ పొగ ప్రమాదకరం. లోహం వేడిగా ఉండగానే మైనం పూయాలి. చల్లారాక ఇంకో పూత వేసి గుడ్డతో రుద్దాలి. ప్రదర్శనకు ముందురోజు వేసిన మైనం జిగటగా ఉండి దుమ్ము పట్టేస్తుంది, వారం ముందే ముగించండి.